వరస తప్పని చేతులు

ఎర్రగడ్డ ఆదివారం సంతలో గోనెపట్టా మీద కుప్పపోసిన పాత వాచీల్లోంచి మూడు ఏరుకున్నాను. మూడూ హెచ్‌ఎంటీలే. రెండు జనతా, ఒకటి పైలట్. ఒకదానికి గ్లాసు లేదు. ఒకదానికి కీ ఊడిపోయింది. మూడోదాని డయల్ చెమ్మ తిని నల్లమచ్చలు పడింది. ఇద్దరు హోటల్లో భోంచేస్తే అయ్యే ఖర్చుకు మూడూ నా సంచిలోకి వచ్చాయి. ఆ మూడింటి సామానుతో ఒక్క మంచి వాచీ నిలబెట్టాలని నా కోరిక.

వారం తిరిగేసరికి మూడింటిలో ఒక్కటీ మిగల్లేదు. స్ప్రింగ్ బిగువు దించకుండానే, చక్రాలను ఆపి ఉంచే పాలెట్ అనే ముక్క తీశాను. చక్రాలు ఒక్కసారి గిర్రున తిరిగి ఒక ఇరుసు కొన విరిగింది. హెయిర్ స్ప్రింగ్‌ను సూదిమొనతో సరిచేయబోయి చిక్కు వేశాను. మూడు వాచీల స్క్రూలూ ఒకే మూతలో పోసి, ఏది దేనిదో తెలియకుండా చేసుకున్నాను.

ఆ ముక్కల్ని అగ్గిపెట్టెలో వేసుకొని సుల్తాన్ బజార్ సందులో వాచీలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన కంటికి భూతద్దం బిగించుకుని, పెట్టెలోని ముక్కల్ని ఒక్కొక్కటే చిమటాతో పైకెత్తి చూశారు. చాలాసేపు ఏమీ అనలేదు. ఆఖరికి భూతద్దం తీసి, “బాబూ, నీ దగ్గర సామాను ఉంది. వరస లేదు” అన్నారు.

నిష్ఠూరంగా అన్న మాట కాదది. జ్వరం పేరు చెప్పిన డాక్టరులా అన్నారు. తర్వాత నేను కట్టిన ప్రతి వాచీలోనూ, వాచీలతో సంబంధం లేని ఎన్నో పనుల్లోనూ ఆ మాట నిజమైంది. చవక సామానుతో గొప్ప వస్తువు చేయొచ్చు. వరస తప్పితే గొప్ప సామానుతో కూడా ఏమీ చేయలేం. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచింది ఇదే. చెప్పడానికి వాచీని ఎంచుకున్నాను. ఎందుకంటే వాచీ దగ్గర సాకులు చెల్లవు. వరస కుదిరితే నడుస్తుంది, లేకపోతే ఆగుతుంది.

ఖరీదు ఎక్కడుంది?

పానెరాయ్ పేరు మీరు విని ఉండవచ్చు. ఫ్లోరెన్స్‌లో పుట్టి, ఇటలీ నౌకాదళానికి పరికరాలు చేసిపెట్టిన సంస్థ. దాని లూమినోర్ వాచీల ధర లక్షల్లో ఉంటుంది. ఆ లూమినోర్లలో ఏళ్ల తరబడి నడిచిన మిషన్లకు మూలం యూనిటాస్ 6497. జేబు గడియారాల కోసం చేసిన 1950ల నాటి స్విస్ నమూనా అది. తర్వాత ఈటీఏ కంపెనీ చేతికి వచ్చింది. 36.6 మిల్లీమీటర్ల వెడల్పు, 4.5 మిల్లీమీటర్ల మందం, 17 జ్యూయెల్స్. తేదీ లేదు, ఆటోమేటిక్ కాదు. చేత్తో కీ ఇచ్చే నిరాడంబరమైన మిషన్.

ఇదే నమూనా మీద చైనాలోని తియాన్‌జిన్ నగరంలో సీగల్ కంపెనీ ఎస్‌టీ36 అనే మిషన్ చేస్తోంది. దాని ధర వేలల్లోనే. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. చక్రాల అమరిక ఒకటే, చక్రాలను పైనుంచి పట్టి ఉంచే పలకల్ని వంతెనలంటారు, వాటి ఆకారం ఒకటే, విప్పే పద్ధతి ఒకటే.

మరి లక్షలు దేనికి? కొంత పేరుకు. అది కాదనలేం. మిగతాది పనితనానికి. ఖరీదైన మిషన్‌లో వంతెనల అంచులు నున్నగా తీరుస్తారు, పైన చారలు దిద్దుతారు, స్క్రూల తలలకు మెరుగు పెడతారు. మేలైన బ్యాలెన్స్ వేస్తారు. వాచీని వెల్లకిలా, బోర్లా, నిలువుగా, పక్కకు ఉంచి చూసి, అన్ని భంగిమల్లోనూ దాదాపు ఒకే వేగంతో నడిచేలా సర్దుతారు. డయల్ కిందా వంతెనల కిందా, కొన్నవాడు జన్మలో చూడని చోట కూడా చేయి పెట్టి శుభ్రం చేస్తారు.

పేరును మనం తయారుచేసుకోలేం. శుభ్రం, సర్దుబాటు, ఓపిక మాత్రం ఎవరి సొత్తూ కాదు. వేల రూపాయల మిషన్‌ను పూర్తిగా విప్పి, కడిగి, సరైన చోట సరైన నూనె వేసి, సర్దితే అది పెట్టెలోంచి వచ్చినప్పటికంటే ఎంతో మేలుగా నడుస్తుంది. విలాసంలో మన చేతికి అందే భాగం ఇదే. నా లెక్కలో అసలు భాగమూ ఇదే.

ఎవరికి ఎవరు ఏమవుతారు

మనవాళ్లు పెళ్లింట్లో కొత్త మనిషి కనబడగానే ముందు అడిగేది “మీరు మాకు ఏ వరస?” అని. వాచీ మూత తెరిచాక మీరు అడగవలసిందీ అదే.

మెయిన్ స్ప్రింగ్ ఇంటి గాదె లాంటిది. బారెల్ అనే గుండ్రటి డబ్బాలో చుట్టలు చుట్టుకొని కూర్చుంటుంది. కీ ఇచ్చినప్పుడు నిండుతుంది, తర్వాత కొద్దికొద్దిగా ఖర్చవుతుంది. బారెల్ పళ్లు నడిమి చక్రాన్ని తిప్పుతాయి. అది గంటకొక చుట్టు, నిమిషాల ముల్లు దానిదే. అది మూడో చక్రాన్ని, మూడోది నాలుగో చక్రాన్ని తిప్పుతాయి. నాలుగోది నిమిషానికొక చుట్టు, సెకన్ల ముల్లు దానిదే. దాని తర్వాత ఎస్కేప్ చక్రం. దానికి సాధారణంగా 15 పళ్లు. ఆ పళ్లను ఒక్కొక్కటిగా ఆపుతూ వదులుతూ ఉండే రెండు కొమ్ముల ముక్క పాలెట్. పాలెట్‌ను అటూ ఇటూ తట్టే ఉయ్యాల బ్యాలెన్స్. ఆ ఉయ్యాలను ప్రతిసారీ నడిమికి లాగే సన్నటి చుట్ట హెయిర్ స్ప్రింగ్.

హెయిర్ స్ప్రింగ్‌ను 1675లో లోకం ముందు పెట్టినవాడు డచ్చి శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్. ఇప్పుడు మనం వాడే పాలెట్ పద్ధతికి ఆద్యుడు 18వ శతాబ్దం నడుమ పనిచేసిన ఇంగ్లండ్ గడియారాల నిపుణుడు థామస్ మడ్జ్. అంటే మీ చేతి కింద ఉన్నది రెండు మూడు శతాబ్దాలుగా నలిగి నిలిచిన ఆలోచన. డయల్ మీద “17 జ్యూయెల్స్” అని రాసి ఉండేది ఎక్కువగా ఇరుసులు తిరిగే గుంటల గురించి. అవి కృత్రిమ కెంపులు. ఫ్రాన్స్‌కు చెందిన వెర్నాయ్ 1902లో కెంపును కొలిమిలో పెంచే పద్ధతి ప్రకటించాక అవి చవకయ్యాయి. గట్టి రాయి మీద ఉక్కు ఇరుసు తక్కువ అరుగుతుంది. వాటి పని అంతే. పాత వాచీలో కెంపులున్నాయని ఎవరైనా ధర పెంచితే నమ్మకండి.

హెచ్‌ఎంటీ జనతా బ్యాలెన్స్ గంటకు 18,000 సార్లు కొట్టుకుంటుంది. సెకనుకు ఐదు. రోజుకు 4,32,000. రోజులో ఉన్న సెకన్లు 86,400. పాత వాచీ రోజుకు 10 సెకన్లు తేడా చూపిస్తే మనం విసుక్కుంటాం. అది 8,640లో ఒక వంతు తప్పు మాత్రమే. చేతి పనిలో అంత నిక్కచ్చిగా ఉన్న మనిషి ఎదురైతే దండం పెడతాం.

ఏం కొనాలి, ఎక్కడ పొదుపు పనికిరాదు

మొదటి వాచీకి 6497 రకం మిషనే ఎంచుకోండి. పెద్దది, భాగాలు తక్కువ, కంటికీ చేతికీ ఆనుతుంది. పాత సామానుతో చేయాలనుకుంటే హెచ్‌ఎంటీ కీ మిషన్ మంచిది. బెంగళూరులో 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాంకేతిక సహకారంతో మొదలైన ఆ గడియారాల తయారీకి 2016లో ప్రభుత్వం తెర దించింది. అయినా ఇంటింటా ఉన్న వస్తువు కాబట్టి సామాను ఇంకా దొరుకుతోంది. మన హైదరాబాద్ ఆల్విన్ కూడా జపాన్ సైకో సహకారంతో వాచీలు చేసింది. ఆ పెద్దాయన బల్ల సొరుగులో ఆల్విన్ డయళ్లు ఇప్పటికీ కాగితం పొట్లాల్లో ఉన్నాయి.

ఒకేరకం మిషన్లు రెండు కొనండి. ఒకటి చేయి తిప్పుకోవడానికి, ఒకటి వాచీకి. నేర్చుకునే మిషన్ పాడైతే దాన్ని నష్టం కింద రాయకండి, ఫీజు కింద రాయండి.

కేసు, డయల్, ముళ్లు, పట్టీ విడివిడిగా చవకగా దొరుకుతాయి. ఇక్కడ చాలామంది డబ్బు పోగొట్టుకునేది కొలత చూడక. ఉదాహరణకు సైకో ఎన్‌హెచ్35 ఆటోమేటిక్ మిషన్‌కు గంటల ముల్లు రంధ్రం 1.50, నిమిషాలది 0.90, సెకన్లది 0.20 మిల్లీమీటర్లు. వేరే మిషన్ ముళ్లు ఎంత అందంగా ఉన్నా దీనికి కూర్చోవు. డయల్ వెనక ఉండే రెండు కాళ్లు మిషన్‌లో ఏ రంధ్రాల్లోకి దిగాలో అదీ ముందే చూడాలి. ముందు మిషన్, తర్వాత దానికి సరిపోయే డయల్, ఆ తర్వాత ముళ్లు, ఆఖరున కేసు. బజారులో కూడా వరస ఉంది.

పొదుపు పనికిరాని చోట్లు మూడు: స్క్రూ డ్రైవర్లు, చిమటా, నూనెలు. మెత్తటి ఇనుముతో చేసిన స్క్రూ డ్రైవర్ జారి వంతెన మీద గీత పెడుతుంది. ఆ గీత ఇక పోదు. మొనలు కలవని చిమటా చిన్న స్ప్రింగ్‌ను గది అవతలికి విసురుతుంది. కుట్టుమిషన్ నూనె పాకిపోయి, ఎండి, జిగురవుతుంది. వాచీ నూనెలే కొనండి. చిన్న సీసా మీలాంటి వాళ్లకు ఏళ్ల తరబడి వస్తుంది.

ఒక హెచ్చరిక. 1960ల దాకా వచ్చిన కొన్ని వాచీల్లో చీకట్లో మెరిసే రంగులో రేడియం వాడారు. అలాంటి డయల్‌ను, ముళ్లను గీకకండి, ఊదకండి, ఇంట్లో తెరవకండి.

ముందు బిగువు దించండి

తెల్లటి గుడ్డ పరిచిన బల్ల, మంచి వెలుగు, ఫ్యాన్ ఆపిన గది. పక్కన గదులున్న మూత డబ్బా. ఫోన్ కెమెరా. ఇక మొదలుపెట్టవచ్చు.

మొట్టమొదటి పని మెయిన్ స్ప్రింగ్ బిగువు దించడం. కీని వేళ్లతో గట్టిగా పట్టుకుని, క్లిక్ అనే చిన్న కొక్కేన్ని పక్కకు జరిపి, కీని వేళ్ల మధ్య మెల్లగా వెనక్కి తిరగనివ్వాలి. చివరి వరకూ. అప్పుడు ఏ చక్రం మీదా ఒత్తిడి ఉండదు. నేను మొదటిసారి ఎగ్గొట్టింది ఈ పనినే. పాలెట్ తీయగానే గాదెలో ఉన్న బలమంతా ఒక్క క్షణంలో చక్రాల మీద పడింది.

మనుషుల మధ్య కూడా ఇంతే. ఇద్దరూ బిగుసుకుపోయి ఉన్నప్పుడు సమస్యను విప్పబోతే ఎక్కడో ఒకచోట ఇరుసు విరుగుతుంది. ముందు బిగువు దిగాలి. ఒక పూట ఆగడం, భోంచేయడం, నిద్రపోవడం పనిని తప్పించుకోవడం కాదు. అవి ఆ పనిలో మొదటి మెట్టు.

తర్వాత ముళ్లు, డయల్, గంటల చక్రం. ఆ తర్వాత బ్యాలెన్స్‌ను దాని వంతెనతో సహా ఎత్తాలి. హెయిర్ స్ప్రింగ్ కింద వేలాడుతుంది. తొందరపడి లాగితే సాగిపోతుంది. మెల్లగా తిప్పి, వెల్లకిలా పడుకోబెట్టాలి. అప్పుడు పాలెట్. అప్పుడు పై చక్రాలు, బారెల్ వంతెన, చక్రాల వంతెన. ఒక స్క్రూ తలమీద మూడు గీతలు కనిపిస్తే ఆగండి. అది సాధారణంగా ఎడమ మర. కుడి మరలా తిప్పితే తల తెగిపోతుంది.

తీసిన ప్రతి భాగానికీ ముందు ఒక ఫొటో, తర్వాత దానికో గది, దాని స్క్రూలు దానితోనే. ఈ పని విసుగ్గా ఉంటుంది. రెండు వారాల తర్వాత బిగించడానికి కూర్చున్నప్పుడు ఆ విసుగు విలువ తెలుస్తుంది.

కడగడం

“ముందు కడుగు. తర్వాత చూడు. తిప్పడం చివర.” ఆ పెద్దాయన రోజుకు పదిసార్లు అనే మాట ఇది.

నూనె ఎండి జిగురైతే వాచీ ఆగుతుంది. ఒక వెంట్రుక ముక్క చాలు, పళ్ల మధ్య ఇరుక్కుంటే వాచీ ఆగుతుంది. అందుకని ప్రతి చక్రాన్నీ ద్రావకంలో కడిగి, కెంపు గుంటల్లో సన్నగా చెక్కిన పుల్ల తిప్పి మురికి లాగాలి. పుల్ల నల్లగా వస్తుంది. మొన మళ్లీ చెక్కి మళ్లీ తిప్పాలి. తెల్లగా వచ్చే దాకా. ఒక్క గుంటకు నాలుగైదు సార్లు పట్టవచ్చు.

ఇక్కడ చాలామంది పోగొట్టుకునే వస్తువు పాలెట్. దాని కొమ్ములకు ఉన్న చిన్న కెంపులు, బ్యాలెన్స్ కింది కెంపు పిన్ను లక్కతో అతికించి ఉంటాయి. ఆల్కహాల్‌లో నానబెడితే లక్క కరుగుతుంది. కాబట్టి ఈ రెండింటినీ స్పిరిట్‌లో వేయకూడదు. వీటికి పెట్రోలు జాతి శుద్ధ ద్రావకమే వాడాలి, అదీ గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగా.

నూనె వేయడంలో నియమం ఒకటే: ఎక్కువ నూనె తక్కువ నూనెకంటే చెడ్డది. కెంపు చుట్టూ ఉన్న చిన్న పళ్లెం సగానికి కాస్త పైన నిండితే చాలు. చక్రాల పళ్లకు నూనె వద్దు. పాలెట్ ఇరుసులకు వద్దు. హెయిర్ స్ప్రింగ్‌కు అసలే వద్దు. ఒక చుట్టు ఇంకో చుట్టుకు అంటుకుంటే వాచీ పరుగులు తీస్తుంది. స్పీకర్ పక్కన, అయస్కాంతమున్న ఫోన్ కవరు పక్కన పెట్టిన వాచీ కూడా ఇలాగే పరుగెత్తుతుంది. ఆ రోగానికి విప్పనవసరం లేదు, అయస్కాంతం పోగొట్టే చిన్న పరికరం చాలు.

ప్రాణం వచ్చే క్షణం

బిగించేటప్పుడు వరస తిరగబడుతుంది. చివర తీసింది ముందు కూర్చుంటుంది. ప్రతి మెట్టు దగ్గరా ఒక పరీక్ష ఉంది. పరీక్ష నెగ్గకుండా తర్వాతి మెట్టు ఎక్కకూడదు.

చక్రాలు పేర్చి వంతెన పెట్టాక స్క్రూలు వెంటనే బిగించకండి. నాలుగు ఇరుసుల కొనలూ నాలుగు కెంపుల్లో పడ్డాయో లేదో భూతద్దంతో చూడాలి. బ్యాలెన్స్ ఇరుసు కొన మిల్లీమీటరులో పదోవంతు ఉంటుంది. గుంటలో పడని ఇరుసు మీద స్క్రూ బిగిస్తే ఆ శబ్దం చాలా చిన్నది, ఖర్చు చాలా పెద్దది. వంతెన మీద వేలితో ఏమాత్రం బరువు లేకుండా ఆనించి, చక్రాన్ని చిమటాతో తాకితే మొత్తం వరస తేలిగ్గా కదలాలి. అప్పుడు బిగించాలి. ఒకటి రెండు క్లిక్కులు కీ ఇస్తే చక్రాలు తిరిగి, ఆగే ముందు కొంచెం వెనక్కి ఊగాలి. ఆ వెనకడుగు దారి శుభ్రంగా ఉందనడానికి గుర్తు.

తర్వాత పాలెట్. కొద్దిగా కీ ఇచ్చి తాకితే టక్కున అటు పడాలి, టక్కున ఇటు పడాలి.

ఆఖరున బ్యాలెన్స్. వేలాడే హెయిర్ స్ప్రింగ్‌తో సహా దాన్ని దించుతున్నప్పుడు నేను ఊపిరి బిగబడతాను. కింది కెంపు పిన్ను పాలెట్ చీలికలోకి రావాలి, ఇరుసు గుంటలోకి దిగాలి. రెండూ కనబడకుండా జరిగేవే. నా మొదటి విజయం రోజు పదకొండుసార్లు దించాను. పన్నెండోసారి వంతెన కూర్చోకముందే ఉయ్యాల దానంతట అదే కదిలింది. కొద్దిగా. తర్వాత ఇంకొంచెం. హెయిర్ స్ప్రింగ్ చుట్టలు ముడుచుకుంటూ విచ్చుకుంటూ, పసిబిడ్డ పొట్ట ఊపిరి తీసినట్టు. రాత్రి ఒంటిగంట దాటింది. ఇంట్లో అందరూ నిద్రలో ఉన్నారు. ఆ టిక్‌టిక్ చెవి దగ్గర పెట్టుకొని చాలాసేపు కూర్చున్నాను.

రెగ్యులేటర్ చివర

బ్యాలెన్స్ వంతెన మీద ఒక చిన్న మీట ఉంటుంది. ఒకవైపు జరిపితే వాచీ వేగం పెరుగుతుంది, ఇంకోవైపు జరిపితే తగ్గుతుంది. అదే రెగ్యులేటర్. కొత్తవాళ్ల చేయి ముందు పోయేది దాని మీదికే. వాచీ రోజుకు మూడు నిమిషాలు వెనకబడుతోందా, మీట జరుపు. రెండు రోజులు బాగుంటుంది. తర్వాత మళ్లీ మొదటికే వస్తుంది, ఎందుకంటే జబ్బు మీటలో లేదు. గుంటల్లో ఉన్న మురికిలో ఉంది.

టైమ్‌గ్రాఫర్ అనే చిన్న యంత్రం వాచీ చప్పుడు విని మూడు సంగతులు చెబుతుంది. రోజుకు ఎంత ముందు, ఎంత వెనక. బ్యాలెన్స్ ఎన్ని డిగ్రీలు ఊగుతోంది. టిక్‌కీ టాక్‌కీ మధ్య తేడా ఎంత. 6497 రకానికైతే లిఫ్ట్ యాంగిల్ అనే అంకెను 44కు మార్చాకే కొలవాలి. పూర్తిగా కీ ఇచ్చి, డయల్ పైకి పెట్టినప్పుడు ఊపు 270 నుంచి 310 డిగ్రీల మధ్య ఉంటే ఆరోగ్యం. 220కి కిందుంటే రెగ్యులేటర్ ముట్టుకోకండి. మళ్లీ విప్పి కడగండి. ఊపు బాగున్నాక మీటను వెంట్రుకవాసి జరిపితే చాలు. స్విట్జర్లాండ్‌లో క్రోనోమీటర్ పరీక్ష పెట్టే సంస్థ కోస్క్ చేతి వాచీ మిషన్లకు పెట్టిన హద్దు రోజుకు సగటున 4 సెకన్ల వెనక నుంచి 6 సెకన్ల ముందు వరకు. మీ మొదటి వాచీ రోజుకు 20 సెకన్ల తేడాలో ఉంటే గర్వపడండి.

ఈ అధ్యాయంలో ఒక్కటే గుర్తుంచుకోవాలంటే ఈ భాగం గుర్తుంచుకోండి. మనం జీవితంలో ముందు తిప్పేది రెగ్యులేటర్‌నే. చదువు సాగకపోతే కొత్త టైమ్‌టేబుల్ వేస్తాం. పొద్దున లేవలేకపోతే ఇంకో అలారం పెడతాం. జీతం చాలకపోతే నెల మొదటి తారీఖున కొత్త బడ్జెట్ రాస్తాం. రెండు రోజులు నడుస్తుంది. రాత్రి ఒంటిగంట వరకూ ఫోన్ చూసే మనిషికి ఐదింటి అలారం రెగ్యులేటర్ తిప్పడమే. మురికి రాత్రిలో ఉంది. ముందు అక్కడ కడగాలి. ఊపు తిరిగి వచ్చాక తిప్పవలసింది చాలా కొంచెమని మీకే తెలుస్తుంది.

అటక మీద దాచిన వరస

1969 క్రిస్మస్ నాడు జపాన్ సైకో కంపెనీ ఆస్ట్రాన్ అనే క్వార్ట్జ్ చేతి వాచీని అమ్మకానికి పెట్టింది. ఆ దెబ్బకు స్విస్ కీ వాచీల కర్మాగారాలు ఒక్కొక్కటే కుంగాయి. ల లోక్ల్ ఊళ్లోని జెనిత్ కంపెనీ అదే 1969లో ఎల్ ప్రిమెరో అనే గొప్ప ఆటోమేటిక్ క్రోనోగ్రాఫ్ మిషన్ తెచ్చింది. గంటకు 36,000 సార్లు కొట్టుకునే మిషన్. 1975లో అమెరికాలోని యాజమాన్యం దాని తయారీ ఆపేయమని, సరంజామా వదిలించుకోమని ఆదేశం పంపింది.

అక్కడ పనిచేసే షార్ల్ వెర్మో అనే నిపుణుడు ఒప్పుకోలేకపోయాడు. ఎవరికీ తెలియకుండా పరికరాలూ అచ్చులూ ఒక్కొక్కటిగా మోసుకెళ్లి కర్మాగారం అటక మీద దాచాడు. ఇనుము దాచి ఊరుకోలేదు. ప్రతిదానికీ చీటీ అంటించాడు. ఏది దేనికి, ఏది ముందు, ఏది తర్వాత అని తయారీ విధానమంతా కాగితం మీద రాసిపెట్టాడు. 1980లలో కీ వాచీలకు మళ్లీ ఆదరణ వచ్చినప్పుడు ఆ అటక తెరిచారు. ఎల్ ప్రిమెరో తిరిగి పుట్టింది. 1988 నుంచి 2000 వరకూ రోలెక్స్ డేటోనా వాచీల్లో నడిచింది ఆ మిషన్ ఆధారంగా చేసిందే.

చీటీలు లేకపోతే ఆ అటక మీద మిగిలేది పాత ఇనుము. దాన్ని మళ్లీ గడియారంగా మార్చింది వెర్మో రాసిన వరస. మీ డబ్బాలోని చిన్న గదులు, మీ ఫోన్‌లోని ఫొటోలు ఆ పనికి తమ్ముళ్లే.

పేరు అరువు తెచ్చుకోవద్దు

చవక సామానుతో గొప్పగా కనిపించే వాచీ కట్టగానే ఒక ఆశ పుడుతుంది. డయల్ మీద పెద్ద కంపెనీ పేరు వేస్తే? అలాంటి డయళ్లు బజారులో దొరుకుతాయి. కొనకండి. అది మోసం, చట్టం ముందు నేరం కూడా. మీ చేతి కష్టాన్ని మీరే చెరిపేసి ఇంకొకరి పేరు రాయడం.

నేను ఒకసారి ఒక అమ్మకందారు దగ్గర “అస్సలు వాడని పాత హెచ్‌ఎంటీ” కొన్నాను. డయల్ తళతళలాడింది. తెరిస్తే తెలిసింది, అది కొత్తగా రంగు వేసి అచ్చు కొట్టిన డయల్. లోపల మూడు వాచీల సామాను. కలిపి కట్టడంలో తప్పు లేదు, నేనూ చేసేది అదే. కలిపి కట్టానని చెప్పకపోవడం తప్పు. మీరు కట్టిన వాచీ ఎవరికైనా ఇస్తే లోపలి మిషన్ ఏది, డయల్ ఎక్కడిది, ఏం మార్చారో కాగితం మీద రాసి ఇవ్వండి. ఒత్తిడి పరీక్ష చేయించకుండా నీళ్లలో తడవొచ్చని మాట ఇవ్వకండి. డయల్ ఖాళీగా ఉంచండి, లేదా మీ పేరు వేసుకోండి.

ఈ నెల మీ పని

మొదటి వారం: పాడైన కీ మిషన్ ఒకటి తెచ్చుకోండి. బిగువు దించి, ఫొటోలు తీస్తూ విప్పండి. కడగవద్దు, బిగించవద్దు. ప్రతి భాగం పేరు, అది దేన్ని తిప్పుతుందో నోట్‌బుక్‌లో రాయండి.

రెండో వారం: అదే మిషన్‌ను బిగించి, మళ్లీ విప్పండి. ఐదుసార్లు. నడవకపోయినా ఫరవాలేదు, నేర్చుకుంటున్నది చేతులు.

మూడో వారం: కడిగి, నూనె వేసి, బిగించండి. ప్రతి మెట్టు దగ్గరా పరీక్ష రాసుకోండి. చేయి వణికిన రోజు, మనసు చిరాకుగా ఉన్న రోజు మూత పెట్టి లేచిపోండి.

నాలుగో వారం: రెండో మిషన్ తీయండి. ఇది వాచీకి. కీని మిషన్‌కు కలిపే సన్నటి కడ్డీ స్టెమ్. దాన్ని కోసేటప్పుడు కావలసినదానికంటే పొడుగ్గా ఉంచి, కొంచెం కొంచెంగా అరగదీయండి. పొట్టి చేయగలం, పొడుగు చేయలేం.

ఈ నాలుగు వారాల్లోనూ జీవితంలో మీరు మాటిమాటికీ తిప్పుతున్న ఒక రెగ్యులేటర్ పేరు కూడా నోట్‌బుక్‌లో రాసుకోండి. దాని పక్కన, కడగవలసిన గుంట ఏదో రాయండి.

మీ ఇంట్లో బీరువాలోనో, పాత ట్రంకుపెట్టెలోనో ఆగిపోయిన కీ వాచీ ఒకటి ఉండే ఉంటుంది. దాన్ని తూకానికి అమ్మేయకండి. తొందరపడి తెరవనూవద్దు. ముందు ఈ నాలుగు వారాలూ పూర్తిచేయండి. తర్వాత ఒక ఆదివారం పొద్దున తెల్లగుడ్డ పరిచి, ఆ వాచీని దాని మీద పెట్టి, మొదట బిగువు దించండి.